లేజర్ కింద సవరం

నేను పనిచేసే గదికి కిటికీ లేదు. అసలు ఒకటి ఉండేది. దానికి నల్ల అట్ట అంటించి, పైన నల్ల గుడ్డ కట్టి, అది కిటికీ అన్న సంగతే అందరం మరిచిపోయాం. పంజాగుట్ట చౌరస్తాకు కాస్త ఇవతల, కింద చీరల దుకాణం, దాని పైన పళ్ళ డాక్టరు, ఆ పైన మా ల్యాబ్. తలనూనెలు, షాంపూలు, జుట్టు రంగులు తయారుచేసే కంపెనీలు తమ సరుకు వెంట్రుకను ఏం చేస్తుందో చూసి చెప్పమని మాకు పంపిస్తాయి. చూడటం నా వంతు. బయట ఎండ మండుతున్నా, వాన కురుస్తున్నా నా గదిలో ఎప్పుడూ ఒకటే చీకటి. ఆ చీకట్లో లేజర్ కాంతి సూదిమొనంత చుక్కగా వెంట్రుక మీద అటూ ఇటూ నడుస్తుంది. అది నడిచిన చోటల్లా వెంట్రుక వెలుగుతుంది. మెట్రో రైలు పోయినప్పుడు బల్ల సన్నగా వణికి, తెర మీద ఆ వెలుగు కూడా వణుకుతుంది. రైలు పోయేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాను.

ఇందులో మాయ ఏమీ లేదని చేరిన కొత్తలో నాకు నేనే చెప్పుకునేదాన్ని. నీలిరంగు కాంతి తగిలితే వెంట్రుక పచ్చటి కాంతిని తిరిగి ఇస్తుంది, యంత్రం ఆ కాంతిని ఒక్కో లోతు నుంచి విడివిడిగా పట్టుకుంటుంది, అంతే. కత్తి పెట్టకుండానే ఉల్లిపాయ పొరలు విప్పినట్టు లోపలికి పోవచ్చు. పోతూ ఉంటే మధ్యాహ్నం ఎటు పోయిందో తెలియదు. టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చిన రోజులున్నాయి. ఎవరి తలో తెలియని ఒక్క వెంట్రుకలో నేను పచ్చటి కాలువ వెంట నడుచుకుంటూ పోయినట్టు ఉండేది. బయటికి వచ్చాక అమీర్‌పేట దాకా ఆ పచ్చదనం కళ్ళలోనే ఉండి, షేర్ ఆటోవాడి చొక్కా కూడా పచ్చగా కనిపించేది.

నల్ల వెంట్రుకతో కాస్త కష్టం. లోపలి నలుపు వెలుగును మింగేస్తుంది. తెల్ల వెంట్రుకకు ఆ పిసినారితనం లేదు, నిండుగా వెలుగుతుంది. ఈ మాట ఇంటికి వచ్చి అమ్మకు చెబితే, "ముసలితనానికి గా వెలుగొక్కటన్న మిగిలింది తీయ్" అంది.

మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళు మొట్టమొదట తమ వెంట్రుకనే యంత్రం కింద పెట్టుకోవాలి. అది అక్కడి ఆనవాయితీ. నాకు పని నేర్పిన సార్ శ్రీనగర్ కాలనీ నుంచి స్కూటర్ మీద వచ్చే పెద్దమనిషి. ఇంట్లో దక్కనీ, మాతో తెలుగు, యంత్రంతో మాత్రం ఉర్దూలో బతిమాలుకోవడం. నా వెంట్రుక తెర మీదికి రాగానే ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అరే, ఏందిది బేటా? నీ వెంట్రుకల రైలు డబ్బాలున్నయ్!"

నిజంగానే ఉన్నాయి. పచ్చటి వెంట్రుక లోపల కొంత దూరం సన్నటి గాలి బుడగలు గుంపుగా, తరువాత కొంత దూరం ఏమీ లేకుండా, మళ్ళీ బుడగలు. ఒక డబ్బా, ఒక సందు, ఒక డబ్బా. నాకేదో జబ్బు చేసిందనుకున్నాను. సార్ నవ్వాడు. "ఫికర్ చెయ్యకు, బీమారి కాదు. పుట్టుకతోనే వస్తది, మస్తు తక్కువ మందికి ఉంటది. అమ్మకో నాయనకో ఉండే ఉంటది, అడుగు."

అడిగితే ఎలా తెలుస్తుంది? అమ్మ దువ్వెనలోంచి ఒక తెల్ల వెంట్రుక తీసుకుపోయి పెట్టాను. అవే డబ్బాలు, నావాటికంటే స్పష్టంగా. ఆ రోజంతా నాకు ఎందుకో ఊరికే సంతోషంగా ఉండింది.

మేముండేది ఎస్.ఆర్. నగర్‌లో. నలువైపులా ఆడపిల్లల హాస్టళ్ళు. కోచింగ్‌లకు వచ్చిన పిల్లలు సాయంత్రం మేడల మీద జుట్టు ఆరబెట్టుకుంటూ, ఈ బోరు నీళ్ళకు జుట్టంతా ఊడిపోతోందని ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటారు. అమ్మ మా బాల్కనీలో కూర్చుని ఆ మాటలు వింటూ తల దువ్వుకుంటుంది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను చూపుడు వేలికి చుట్టి, చిన్న ఉండ చేసి, దాని మీద తుప్పున ఊసి, బాల్కనీ గ్రిల్లు సందులో దోపుతుంది. ఊడిన వెంట్రుక ఇంట్లో తిరగకూడదు, ఎవరి కాలికీ తగలకూడదు. వాళ్ళ ఊళ్ళో అయితే చూరులో దోపేవారట. ఇక్కడ చూరు లేదు కాబట్టి గ్రిల్లు. ఆమె చూడనప్పుడు నేను ఆ ఉండలు తీసి చెత్తబుట్టలో వేస్తాను. ఆమె చూస్తూనే ఉంటుందని నాకు తెలుసు.

అమ్మకు నాలుగేళ్ళు ఉన్నప్పుడు వాళ్ళమ్మ చనిపోయింది. ఫోటో లేదు. ముఖం గుర్తు లేదు, గొంతు గుర్తు లేదు. ఆ వెంటనే అమ్మవాళ్ళ నాయనమ్మ, పేలు పడ్డాయని చెప్పి పిల్లకు గుండు చేయించింది. మళ్ళీ పెరగకుండా మగపిల్లాడికి మల్లే కత్తిరిస్తూనే వచ్చింది. ఆలనా పాలనా చూసే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అమ్మ తన జడ తానే వేసుకోగల వయసు వచ్చాకే జుట్టు పెంచుకుంది. కాబట్టి ఆమెకు గుర్తున్నంతవరకు ఆమె తల ఎవరూ దువ్వలేదు. చిన్నప్పుడు నాకు జడ వేస్తూ ఈ మాట అనేది. దుఃఖంగా కాదు, మా ఇంట్లో బావి ఉండేది అన్నట్టు అనేది.

వాళ్ళమ్మది అని ఆమెకు దక్కింది ఒకటే, సవరం. ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, అప్పట్లో జుట్టు పలచబడిన ఆడవాళ్ళు జడలో కలిపి అల్లుకోవడానికి సవరం వాడేవారు. చాలామంది తమ తల నుంచి ఊడిన వెంట్రుకలనే ఏళ్ళ తరబడి ఉండలు చేసి దాచుకునేవారు. సవరాలు కట్టే మనిషి ఊళ్ళోకి వచ్చినప్పుడు ఆ ఉండలన్నీ ఇస్తే, చిక్కు విడదీసి, ఒక కొస నల్ల దారంతో గట్టిగా బిగించి ఇచ్చేది. నాయనమ్మ పోయేముందు అమ్మను పిలిచి ఒక గుడ్డ మూట చేతిలో పెట్టి, "మీ అమ్మది" అందట. అంతకుమించి ఏం చెప్పలేదు. అమ్మ దాన్ని ఒక్కసారి కూడా తలకు పెట్టుకోలేదు. బీరువాలో చీరల వెనక ఉంచి, ఎప్పుడైనా శుక్రవారం పూట తీసి, నూనె చేత్తో పైపైన తడిమి, మళ్ళీ చుట్టి పెట్టేది. నేను చూస్తుంటే మొహం అటు తిప్పుకునేది.

మా చిన్నమ్మ ఉంది. తాత రెండో పెళ్ళి చేసుకున్న ఆవిడ కూతురు, అమ్మకు చెల్లెలు. చెడ్డ మనిషి ఏమీ కాదు. నోటికి తాళం లేదు, అంతే. ఆమె కూతురి నిశ్చితార్థంలో అందరం భోజనాలకు కూర్చున్నాం. ఎవరో పాత రోజుల జడల గురించి మాట తెచ్చారు. అమ్మ, తన దగ్గర వాళ్ళమ్మ సవరం ఉందని చెప్పింది. ఎన్నడూ నలుగురిలో అనని మాట ఆ రోజే అనాలా!

"అక్కా, గా సవరం మా అమ్మది గద!" అంది చిన్నమ్మ, అప్పడం విరుచుకుంటూ. "ఆమె పెండ్లికి బజార్ల కొన్నరట. మా అమ్మ ఎప్పుడు జెప్పేది, నా సవరం ఎటు పోయిందో అని. నాయనమ్మ నీకిచ్చిందా? మంచిగైంది తీయ్, నీ దగ్గర్నే ఉండనీ."

"అయ్యుంటది" అంది అమ్మ. పెరుగు కలుపుకుని తినేసింది.

ఆ తరువాత శుక్రవారాలు వచ్చాయి, పోయాయి. మూట బయటికి రాలేదు. నేను గమనిస్తున్నానని తెలిసి అమ్మ బీరువా తలుపు వేగంగా మూసేది. చిన్నమ్మ మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆమె ఫోన్ చేస్తే ఎత్తి అమ్మ పడుకుందని చెప్పేదాన్ని. అన్నేళ్ళు తడిమిన ఆ జుట్టు తన తల్లిది కాదేమో అన్న అనుమానంతో ఒక మనిషి ఎలా అన్నం తింటుంది? తిన్నది. ఒకరోజు నాకు చారు పోస్తూ అడిగింది.

"నీ మిషిన్ల పెడితే తెలుస్తదా?"

"ఏం తెలవాలె?"

"మా అమ్మదో, కాదో."

యంత్రం మనుషుల పేర్లు చెప్పదమ్మా అన్నాను. కానీ ఆ మాట అంటున్నప్పుడే నాకు రైలు డబ్బాలు గుర్తొచ్చాయి. నాకున్నాయి, అమ్మకున్నాయి. సవరంలో కూడా ఉంటే అది మా ఇంటిదే కదా. బజారు సవరంలో మా డబ్బాలు ఎందుకుంటాయి? నాకు ఆకలి కూడా మరిచిపోయేంత ఆశ పుట్టింది.

సవరం చివర నుంచి కొన్ని పోగులు తీసుకుపోయాను. సార్ ఒప్పుకున్నాడు, భోజనాల వేళ యంత్రం ఖాళీగానే ఉంటుందని. ఆ చీకట్లో కూర్చుని అంత పాత వెంట్రుకను చూడటం చిత్రంగా ఉండింది. ఎప్పటి నూనో మసక మసకగా దాని చుట్టూ మెరుస్తోంది. వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, అవన్నీ మొదలు నుంచి కొసవైపుకు చూస్తాయి. వీటిలో కొన్నింటి పొలుసులు కిందికి, కొన్నింటివి పైకి ఉన్నాయి. అంటే కత్తిరించిన జడ కాదు, ఊడిన వెంట్రుకలు ఏరి కట్టింది. అయితే ఏం, బజారులో అమ్మేవీ అలా ఏరినవే. మందమైన, నల్లటి, ఆరోగ్యంగా ఉన్న వెంట్రుకలు. లోపలికి పోయాను, ఇంకా లోపలికి పోయాను. మొదలు నుంచి చివరదాకా ఒక్క డబ్బా లేదు. ఇంకొకటి పెట్టాను. దాంట్లోనూ లేదు. తెచ్చినవన్నీ అయిపోయాయి.

ఇంటికి వస్తే అమ్మ తలుపు దగ్గరే ఉంది. నా మొహం చూసి, "కాదా?" అంది.

"తెలువలే" అన్నాను. ఆమె తలూపి లోపలికి వెళ్ళి కుక్కర్ కింద మంట తగ్గించింది. ఆ వీపు చూడలేక నేను బాల్కనీలోకి పోయి నిలబడ్డాను.

వారం గడిచాక సార్ తనే అడిగాడు. జరిగింది చెప్పాను. ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టాడు.

"ముడి చూసినవా?"

"ముడి ఎందుకు సార్?"

"మా నానీకి, అమ్మవాళ్ళమ్మకు, సుత సవరం ఉండే. కట్టేటామె ఇంటికే వచ్చి కడుతుంటే మేం చూసేటోళ్ళం. పొట్టి వెంట్రుకలు కిందికి వేలాడవు గద, అవన్నీ ముడిలకు కుక్కేది. ఆ ముడిల ఏముందో జర చూడు."

ముడి చూడాలంటే దారం విప్పాలి. దారం విప్పితే సవరం సవరంగా ఉంటుందన్న నమ్మకం లేదు. నేను రెండు రోజులు మాట నాలుక చివర పెట్టుకుని తిరిగాను. చివరికి అమ్మకు చెప్పేశాను. ఆదివారం మధ్యాహ్నం, మబ్బు పట్టి వాన పడకుండా ఆగిన వేళ, అమ్మ తనంతట తానే మూట తెచ్చుకుని బాల్కనీలో చాప పరుచుకుంది. నేను చెయ్యి చాపితే తోసేసింది.

"నువ్వాగు. విప్పేదుంటె నేనే విప్పుత."

పిన్నీసు మొనతో నల్ల దారం ఒక్కో చుట్టూ లేపింది. ఎదురు హాస్టల్ మేడ మీద పిల్లలు నవ్వుకుంటున్నారు. గాలి వచ్చినప్పుడల్లా అమ్మ తన కొంగు సవరం మీద కప్పి, గాలి పోయేదాకా ఆగి, మళ్ళీ మొదలు పెట్టేది. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం ఎక్కడికీ పోయే తొందర లేనట్టు మా మీదే నిలబడి ఉంది. చివరి చుట్టు ఊడాక ముడి మధ్యలో చిన్న గుత్తి కనిపించింది. సన్నగా, ఎర్రగా, మొక్కజొన్న పీచులా ఉంది. ముడి ఉబ్బుగా రావడానికి ఏదో నార పెట్టి కట్టారనుకున్నాను. అయినా మందం వెంట్రుకలతో పెనవేసుకుని ఉన్నదాన్ని ఉన్నట్టే కాస్త తీసుకుని కాగితంలో పెట్టుకున్నాను. అమ్మ మిగతాదంతా చెదరకుండా అదే దారంతో మళ్ళీ చుట్టింది. ముందున్నంత గట్టిగా రాలేదు.

సోమవారం అది యంత్రం కింద పెట్టాను. నార కాదు, వెంట్రుకే. తెర మీద మందమైన నల్ల వెంట్రుక మసకగా పడుకుని ఉంది. దాని చుట్టూ మెలిక తిరిగి ఒక సన్నటి వెంట్రుక, దానిలో సగం కూడా లేదు, నలుపు తక్కువ కాబట్టి లేత పచ్చగా వెలుగుతోంది. నేను ఆ వెలుగులోకి దిగాను. ఒక డబ్బా. ఒక సందు. ఒక డబ్బా.

నా తల వెంట్రుకే జారి పడిందనుకున్నాను. నాది ఇంత సన్నం కాదు. ఆ గుత్తిలోంచి ఇంకొకటి తీసి పెట్టాను. అందులోనూ డబ్బాలే. సార్‌ను పిలవడానికి లేచి, లేచిన సంగతి మరిచి, చీకట్లో నిలబడే చూస్తూ ఉండిపోయాను. నా కళ్ళు నిండి తెరంతా పచ్చటి నీళ్ళయింది.

సార్ వచ్చి చాలాసేపు చూశాడు. ఆయన పని, అనుమానించడం. "మీ అమ్మ పెట్టుకుంటే ఆమె వెంట్రుకలు అంటుకున్నయేమో."

"ఎన్నడూ పెట్టుకోలే సార్. ఇవి దారం లోపలివి."

"చిన్న పిల్లది ఇది" అన్నాడు ఆయన మెల్లగా. "మూడేండ్లో, నాలుగేండ్లో. డబ్బాలు మాత్రం మీయే. కోర్టుల చెల్లదు బేటా. నేనైతే నమ్ముత."

ఇంటికి నడిచే వచ్చాను. మెట్రో ఎక్కాలని తోచలేదు. అమీర్‌పేటలో కోచింగుల కాగితాలు పంచేవాళ్ళు నా చేతిలో పెట్టినవన్నీ పెట్టించుకుంటూ, దారిపొడుగునా ఒకే బొమ్మ చూసుకుంటూ వచ్చాను. ఎవరో ఒకామె తన తల దువ్వుకుంది. అదే దువ్వెనతో ముందు కూర్చున్న పిల్ల తల దువ్వింది. రెండు తలలవీ కలిపి వేలికి చుట్టి చూరులో దోపింది. ఒకనాడు కాదు, ముడిలో అంత గుత్తి కావడానికి రోజూ చేసి ఉండాలి. నేను అమ్మమ్మ వెంట్రుకలో మా గుర్తు కోసం వెతికాను. డబ్బాలు తాతవైపు నుంచి వచ్చి ఉంటాయి, ఆమెకు లేనే లేవు. ఆ గుర్తు పిల్లది. గుండు కాకముందు, తల్లి పోకముందు, ఆ పిల్ల తలను దువ్విన మనిషిదే ఆ సవరం. చిన్నమ్మ అన్నట్టు పెళ్ళికి కొన్న బజారు సవరమైతే, చిన్నమ్మే పుట్టని నాటి ఆ ముడిలో మా ఇంటి పసి జుట్టు ఎలా వస్తుంది?

అమ్మకు ఫోన్‌లో ఆ చిత్రం చూపించాను. ఆమె కళ్ళద్దాలు తెచ్చుకుని, ఫోన్‌ను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"గీ సన్నయి?"

"అవి నీయే. నీ చిన్నప్పటియి."

"గీ మందంగున్నయి?"

"నీ తల దువ్వినామెవి."

తెర ఆరిపోతే అమ్మ తడుముతూ మళ్ళీ వెలిగించుకుంది. నేను ఆగలేక, ఇప్పుడే చిన్నమ్మకు ఫోన్ చేస్తానన్నాను. నిశ్చితార్థం నాటి కోపం ఇంకా తగ్గలేదు.

"అద్దు బిడ్డా" అంది. "ఆమె సుత వాళ్ళమ్మదే అనుకుంటుంది గద. అనుకోనీ."

కాసేపయ్యాక నా వైపు తిరిగింది. అంత సిగ్గు ఆమె మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"చిక్కు తీస్తుంటే నేను ఏడ్చి ఉంటనా?"

అది చెప్పే లేజర్ ఎక్కడా లేదు. అయినా నేను జంకలేదు. "ఏడ్చే ఉంటవ్" అన్నాను.

"ఏడిస్తే ఊకుంటదా మరి. కదలకు అని నెత్తి మీద ఒక్కటిచ్చి ఉంటది" అంది అమ్మ. అరవై దాటిన మనిషి, అంటూనే తల మీద చెయ్యి పెట్టుకుని, దెబ్బ ఇప్పుడే తగిలినట్టు, అక్కడ మెల్లగా రుద్దుకుంటూ కూర్చుంది.